చేటెడు తవుడు

“బిడ్డ నాది కాదు సార్. కొనుక్కున్నా.”

రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర బెంగళూరు బస్సు ఆపి, ఒళ్లో మూడేళ్ల ఆడపిల్లతో కూర్చున్న ఒకావిడను “ఎవరి బిడ్డమ్మా?” అని కానిస్టేబుల్ అడిగితే ఆమె చెప్పిన జవాబు అది. చుట్టూ సీట్లలో ఉన్నది ఆమె ఊరివాళ్లే, బెంగళూరులో కట్టడాల పనికి పోతున్న కూలీలు. వాళ్లను అడిగితే వాళ్లూ తలాడించారు. “అవును సార్, కొన్న బిడ్డే.” ఒక్కరు కూడా నవ్వలేదు. కానిస్టేబుల్ తల్లినీ బిడ్డనూ దింపాడు. బస్సు వెళ్లిపోయింది. సాయంత్రానికి బిడ్డ అనంతపురంలో ఒక పిల్లల సదనానికి చేరింది. ఆమె పోలీస్ స్టేషన్ వరండాలో ఉంది. కాగితం నా బల్ల మీద ఉంది.

శాఖలో కొత్తగా చేరిన మీలాంటివాళ్లు శిక్షణ తరగతులకు నన్ను పిలిచి, గెలిచిన కేసు ఒకటి చెప్పండి సార్ అని అడుగుతుంటారు. రిటైరయినవాడి దగ్గర గెలుపులు మూటగట్టి ఉంటాయని మీ నమ్మకం. నా దగ్గర ఉన్నది ఇది. గెలిచానో లేదో మీరే తేల్చుకోండి. నాకు మాత్రం దీన్ని తలచుకున్న రోజు కుర్చీలో కుదురుగా కూర్చోబుద్ధి కాదు.

నేను ప్రొబేషన్ అధికారిగా పనిచేశాను. బాలల సంక్షేమ కమిటీ ముందుకు వచ్చిన పిల్లల ఇంటి సంగతి విచారించి నివేదిక రాయడం నా పని. రెండువేల సంవత్సరం తర్వాత వచ్చిన బాలల చట్టాన్ని చేతులు చాచి స్వాగతించినవాణ్ణి. కరువును అడ్డం పెట్టుకుని, పని ఇప్పిస్తామని ఆడపిల్లలను తీసుకుపోయి దూరపు నగరాల్లో అమ్మేసే దళారులు ఉన్నారు. అందుకే సరిహద్దులో బస్సులు ఆపాలి, ఏ బిడ్డ ఎవరి వెంట పోతోందో అడగాలి అని పోలీసుల సమావేశంలో బల్ల గుద్ది వాదించాను. ఆ వాదనను ఇప్పటికీ వదులుకోను.

‘కొనుక్కున్నా’ అన్న మాట చదవగానే నాకు విషయం తెలిసిపోయింది. పల్లెల నుంచి వచ్చినవాళ్లకు చెప్పక్కర్లేదు, పట్నంవాళ్ల కోసం చెబుతాను. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డను చేటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచుతారు. పక్కింటావిడ దారినపోతూ చూసినట్టు “ఎవరో పారేసినారే” అని ఎత్తుకుంటుంది. తల్లి ఆమెకు చేటెడు తవుడు ఇచ్చి ఆ బిడ్డను కొనుక్కుంటుంది. ఇక అది కన్నబిడ్డ కాదు. పారేస్తే దొరికింది, తవుడుకు వచ్చింది. అంత చవక సరుకు మీద మృత్యువు కన్ను పడదని లెక్క. పేరు కూడా ఆ పెంటకుప్పను గుర్తుచేసేదే పెడతారు. ఈ పిల్ల పేరూ అలాంటిదే.

నేను హేతువాదిని. ఈ ఆచారాన్ని ఎగతాళి చేస్తూ కరపత్రం వేసి సంతల్లో పంచినవాణ్ణి. కాబట్టి స్టేషన్‌కు పోయినప్పుడు పది నిమిషాల్లో తేలిపోతుందనుకున్నాను.

“ఏమ్మా, ఈ పిల్లను కన్నది నువ్వేనా?”

“కొన్నా సార్. చేటెడు తవుడిచ్చి కొన్నా.”

“అది నాకు తెలుసు. కన్నది ఎవరు?”

“అట్ల అడగొద్దు సార్.”

“అడగకపోతే నిన్ను పిల్లల దొంగ అంటారు. నా బిడ్డ అని ఒక్క మాట చెప్పు, చాలు.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ముగ్గురు పోయినారు సార్ దీనికి ముందర. ముగ్గుర్నీ నా బిడ్డ, నా బిడ్డ అంటి. అట్లనే పోగొట్టుకుంటి. పుట్టెంటికలు దేవునికి ఇచ్చేదాకా ఆ మాట అనకూడదు. ఇచ్చినాంక అంటా.”

“ఎప్పుడిస్తావు?”

“చెనిక్కాయ పండితే ఇస్తామనుకుంటిమి. యాడ పండింది?”

నేను కోప్పడ్డాను. స్టేషన్ వరండా అని కూడా చూడకుండా ఉపన్యాసం ఇచ్చాను. పిల్లలు దిష్టి వల్ల చావరు, నీళ్ల వల్ల చస్తారు, వాంతులూ విరేచనాలూ అయినప్పుడు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు తాపించి ఉంటే బతికేవాళ్లు అన్నాను. ఆమె అంతా ఓపిగ్గా విని, “ఆ బోరింగు నీళ్లే సార్ మాకుండేది. ఇంకో నీళ్లు యాణ్ణుంచి తేవల్ల?” అంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది నాకు జీతమిచ్చే ప్రభుత్వం. అది చెప్పలేదు. మంచి నీళ్లు ఇవ్వలేని చోట ఆ మనిషి తన చేతనైన మందు తవుడుతో చేసుకుంది. ఇది నాకు తట్టడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజు మాత్రం బుర్ర లేని మనిషి అనుకుంటూ బయటికి వచ్చాను.

విచారణకు కదిరి అవతల వాళ్ల ఊరికి పోయాను. ఊరిలో సగం ఇళ్లకు తాళాలు, మిగిలినవాళ్లు ముసలీముతకా. ఎవరిని అడిగినా ఒకటే పాట. “కొన్న బిడ్డప్పా.” “ఎవరి దగ్గర?” అంటే అందరూ ఒక ఇంటి వైపు చెయ్యి చూపించారు. ఆ ఇంటి ముసలామె అరుగు మీద కూర్చుని ఆకూవక్కా దంచుకుంటోంది.

“అవ్వా, బిడ్డను అమ్మింది నువ్వేనా?”

“నేనే. ఏం, నీకూ కావల్నా?”

“నేను ఆఫీసర్ని. నిజం చెప్పు. ఆమె కన్న బిడ్డే గదా?”

“నిజం నీకు తెలిసేపోయినట్టుండాది. మల్లా నన్నెందుకు అడుగుతావు?”

“నేను రాసుకోవాలి. నీ నోటితో చెప్పాలి.”

“రాసుకోకపోయినంత మాత్రాన నిజం యాడికి పోతాదప్పా,” అని దంచడంలో పడింది.

ఊరంతా ఒక్క గొంతుతో ఆ బిడ్డకు కాపలా కాస్తోంది. నా నివేదికలో మాత్రం ఆ కాపలా మొత్తం అమ్మకానికి సాక్ష్యంగా తేలింది.

కమిటీ అధ్యక్షురాలు కోస్తా నుంచి వచ్చి మా జిల్లాలో స్థిరపడిన రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్. ఆమెకు ఆచారం తెలియక బిడ్డను ఆపారనుకుంటే పొరపాటు.

“తవుడుకు అమ్మడం మా వైపూ ఉందండీ. మా పెద్దనాన్నగారిని అలాగే కొన్నారట. కానీ ఒక్కటి చెప్పండి. రేపు నిజంగా పిల్లను అమ్మేవాడు కూడా ఇదే ఆచారం చెబితే మీరేం చేస్తారు?”

“ఊరివాళ్లను విచారిస్తాను మేడమ్.”

“విచారించారుగా. కొన్న బిడ్డే అన్నారుగా. నాది కాదు అనే మనిషి చేతిలో బిడ్డను పెట్టి పంపమంటారా నన్ను?”

వాదనలో నన్ను అలా కట్టిపడేసినవాళ్లు తక్కువ. రక్తపరీక్ష చేయిద్దాం, హైదరాబాదుకు పంపుదాం అన్నాను. తల్లి వెంటనే చెయ్యి చాచింది. “రగతం ఎంతన్నా తీసుకోండి సార్. నా నోరు అడగొద్దు.” కానీ ఆ ఫలితం నెలల తరబడి రాదన్నారు. ఈలోపల బిడ్డను తమ బిడ్డగా చెప్పుకునేవాళ్లు ఎవరూ రాలేదని తేలితే, గడువు తర్వాత దత్తతకు ఇవ్వొచ్చని ప్రకటించే దారి చట్టంలోనే ఉంది. బెంగళూరు నుంచి ఆమె మొగుడు పరుగెత్తుకొచ్చాడు. సిమెంటు చేతులతో కమిటీ ముందు నిలబడ్డాడు. ఇతనైనా చెబుతాడని నేను ముందుకు వంగాను. అతడు పెళ్లాం ముఖం చూసి, “ఆమె కొన్నదే మేడమ్,” అన్నాడు.

చట్టానికి ఒక మాట కావాలి. వాళ్ల నమ్మకానికి ఆ మాట రాకూడదు. మధ్యలో బిడ్డ సదనంలో పడుకుంటోంది.

చివరికి నేనే దిగొచ్చాను. పుట్టువెంట్రుకలు ఇస్తే చెబుతానంటోంది కదా, ఆ మొక్కు ఇప్పుడే తీర్పించేద్దాం అనుకున్నాను. బిడ్డను ఒక్క పూట వాళ్ల ఇలవేల్పు గుడికి తీసుకుపోవడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు రాశాను. అంతకు రెండేళ్ల ముందు, సదనం పిల్లలను ఏ గుడికీ మసీదుకూ తీసుకుపోకూడదని పైకి ఫిర్యాదు పంపి ఆదేశం తెప్పించింది కూడా నేనే. మా గుమాస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివాడు.

“సార్, ఈ రెండు సంతకాలూ ఒగరివేనా?”

“పంపు.”

“పంపుతా లెండి. టెంకాయ ఖర్చు ఏ పద్దులో రాయమంటారో చెప్తే అదీ రాస్తా.”

వారం రోజులు ఆఫీసులో నన్ను చూసి అందరూ సాయంత్రం భజన ఎన్నింటికి అని అడిగారు. అయినా అనుమతి వచ్చింది. తల్లిని వెంటబెట్టుకుని సదనానికి పోయాను. దారి పొడవునా ఆమె కొత్త గౌను ఉన్న సంచీని ఒళ్లో పెట్టుకుని సరిచేస్తూనే ఉంది. అంతవరకూ ఆమెను బిడ్డ దగ్గరికి రానివ్వలేదు. కేసు తేలకుండా కలవనివ్వడం కుదరదన్నారు. నేనూ కాగితాలు చూసుకోవడమే తప్ప బిడ్డను కళ్లతో చూడలేదు.

సదనం సూపరింటెండెంట్ మంచి మనిషి. పిల్లలకు తన ఇంటి నుంచి మజ్జిగ తెచ్చి పోసేది. ఆమే బిడ్డను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నున్నటి గుండు మీద అప్పుడప్పుడే నల్లగా చుక్కలు మొలుస్తున్నాయి.

“తలనిండా పేలు సార్. వచ్చిన రోజే తీయించేసినాం, మొన్న మళ్లీ తీయించినాం. కొత్తగా వచ్చిన పిల్లలందరికీ తీయిస్తాం గదా.”

తల్లి అరవలేదు. ఉన్నచోటే కూర్చుండిపోయింది. బిడ్డ వచ్చి ఆమె భుజం మీద పడి ఏడుస్తుంటే ఆమె చెయ్యి ఆ గుండు మీదికి పోయి, తాకకుండా ఆగిపోయింది. “యాడేసినారు ఎంటికలు?” అని మాత్రం అడిగింది. వంటింటి వెనక చెత్తగుంతలో అని జవాబు వచ్చింది.

మేము గుడికి పోలేదు. ఇవ్వడానికి ఏముంది? తిరుగు దారిలో మళ్లీ పెరుగుతాయి కదమ్మా అన్నాను. అవి పుట్టినప్పటివి కావు కదా అంది. ఇన్నాళ్లూ, మొక్కు తీరాక చెబుతాను అనే మాటైనా ఉండేది. ఇప్పుడు అదీ పోయింది. పేల కోసం పెట్టుకున్న ఒక శుభ్రమైన నియమం, నేను కూడా పది సభల్లో మెచ్చుకునేలాంటి నియమం, ఆమె నోటికి శాశ్వతంగా తాళం వేసింది.

ఆఖరి విచారణ రోజు వచ్చింది, రక్తపరీక్ష ఫలితం మాత్రం రాలేదు. ఆ రోజు మాట రాకపోతే బిడ్డ పేరు దత్తత దారిలోకి పోతుందని అధ్యక్షురాలు ముందే చెప్పారు. నాకు వేరే గతి లేక, అమ్మిన ముసలామెను సాక్షిగా పిలిపించాను. ఆమె బస్సు దిగి, చెప్పులు గది బయట విడిచి, లోపలికి వచ్చి ఎవరూ చెప్పకుండానే కుర్చీలో కూర్చుంది.

“నువ్వేనా బిడ్డను అమ్మింది?” అన్నారు అధ్యక్షురాలు.

“నేనే మేడమ్.”

“ఎంతకు?”

“చేటెడు తవుడుకు. దాంట్లో పిడికెడు నూకలన్నా కలిపిందా? ఒట్టి తవుడే పోసింది, పిసినారిది.”

అధ్యక్షురాలి పెదవి ఒక పక్కకు కదిలింది, అంతలోనే సర్దుకుంది. ఆమె తల్లి వైపు తిరిగారు. “అమ్మా, నీ మంచికే అడుగుతున్నాను. ఈ పాప ఎవరి బిడ్డ?”

తల్లి నేల చూస్తోంది. మొగుడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను కుర్చీ అంచుకు జరిగాను. అప్పుడు సూపరింటెండెంట్ బిడ్డను లోపలికి తీసుకొచ్చింది. ముసలామె ఆ గుండు అప్పుడే చూసింది.

“ఎవరు కొట్టినారు గుండు?”

“మేమే అవ్వా. పేలుంటే…”

“ఎంటికలేం చేసినారు?”

“చెత్తగుంతలో…” సూపరింటెండెంట్ గొంతు సన్నగిల్లింది. ఆమె కూడా మొక్కులు మొక్కే మనిషే. ఏం చేశామో ఆమెకు సదనంలోనే అర్థమైంది.

“పెంటలోనా?”

“ఆ.”

ముసలామె తల్లి మోకాలి మీద చరిచింది. “అయితే ఇంగ ఏడుపు దేనికే? యాణ్ణుంచి తెస్తిమి దీన్ని? పెంట మింద నుంచి. ఎంటికలు యాడికి పోయినాయి? పెంట మిందికే. తీరిపోయింది.”

తల్లి తలెత్తింది. “దేవునికి గదా అవ్వా ఇయ్యాల్సింది?”

“దేవుడు నీకేమిచ్చినాడే? ముగ్గుర్ని తీసుకున్నాడు. దీన్ని ఇచ్చింది పెంటకుప్ప. ఇచ్చినోళ్లకే ఎంటికలు. నేను అమ్మినదాన్ని, నేను చెప్తాండా. అను.”

ఎన్నో హేతువాద సభల్లో కూర్చున్నాను. అంత తెగువైన మాట ఎవరి నోటా వినలేదు. అందులో తర్కం వెతికితే మన్నూ మశానమూ లేదు. అయినా ఆ గదిలో ఉన్న చదువుకున్నవాళ్లం ఎవరమూ దానికి అడ్డం చెప్పలేదు.

తల్లి బిడ్డను దగ్గరికి లాక్కుంది. ఈసారి ఆమె చెయ్యి గుండు మీద ఆగింది.

“నా బిడ్డ.”

ఎంత సన్నగా అంది అంటే, ఫ్యాను చప్పుడులో సగం పోయింది. రికార్డు కోసం మళ్లీ అడుగుతారేమో అనుకున్నాను. ముసలామె కూడా అదే అనుకున్నట్టుంది. “ఒగసారే మేడమ్. మల్లీ మల్లీ అనిపించొద్దండి,” అంది.

“అక్కర్లేదమ్మా, వినిపించింది,” అని అధ్యక్షురాలు కలం మూత తీశారు.

ఆ మధ్యాహ్నం బస్టాండులో ముసలామెకు టీ ఇప్పించి అడిగాను.

“అవ్వా, అది నిజంగా ఆచారమేనా? పెంటకు పోతే తీరిపోతుందని?”

“నాకేం తెలుసప్పా.”

“మరి అంత గట్టిగా చెప్పినావు?”

“మెత్తగా చెప్తే నమ్ముతుందా అది?” టీ చల్లారబెట్టుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది. “మీ చట్టమైనా ఎవరో ఒగరు చెప్పిందే గదా. బిడ్డకు అడ్డమొస్తే ఇంగొకరు మార్చి చెప్తే ఏం పోతాది?”

పోయేది చాలానే ఉంది. అందరూ తలా ఒక రకంగా మార్చి చెబితే చట్టం మిగలదు. దళారులకు కావలసింది అదే. ఇదీ నిజమే. ఆచారం దయగలదని కూడా మీరు అనుకోవద్దు. ఆ తల్లి నోరు కట్టేసి, బిడ్డను దాదాపు పోగొట్టింది ఆ ఆచారమే. కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నన్ను ఇప్పటికీ తొలిచే సంగతి ఒకటుంది. ఆ మూఢనమ్మకం బిడ్డ ముఖం చూసి బేరానికి దిగింది. పండితులు, శాసనసభ్యులు, నాలాంటి సంస్కర్తలు కలిసి రాసుకున్న చట్టం ఒక అంగుళం కూడా జరగలేదు. విచారణ తేలేదాకా తల్లినీ బిడ్డనూ ఒకే కప్పు కింద ఉంచుదామంటే అందుకు మాకు ఒక గది లేదు. అలా ఉంచాలన్న ఆలోచన ముందే చేసినవాళ్లూ లేరు. ముందు విడదీయడం, తర్వాత విచారించడం. ఆ వరస తిరగెయ్యాలని పైకి రాశాను. పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. నేను రిటైరయ్యేనాటికి అది ఇంకా పరిశీలనలోనే ఉంది. మీరు ఆ కుర్చీల్లో ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను, ఇప్పుడేమైనా కదిలిందా?

వాళ్లు బెంగళూరుకు పోయారు. నాకు అసలు బాధ అప్పుడు మొదలైంది. ఆ పిల్లకు జ్వరం వస్తే? కట్టడాల దగ్గర తాగే నీళ్లు ఎలాంటివో నాకు తెలుసు. విరేచనాలు పట్టుకుంటే ఆ తల్లి నీళ్లను తప్పుపట్టదు. కమిటీ గదిలో తను అన్న మాటను తప్పుపడుతుంది. ఆ మాట అనిపించడానికి వారాల తరబడి వెంటపడినవాణ్ణి నేను. ఆ ఎండాకాలమంతా బెంగళూరు వైపు పోయే మేస్త్రి కనిపిస్తే చాలు, ఫలానా ఊరివాళ్లు ఎలా ఉన్నారని అడిగేవాణ్ణి. కరపత్రాలు పంచిన హేతువాదిని, ఒక మాట అన్నందుకు బిడ్డకు ఏమవుతుందోనని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. సభలకు పోవడం తగ్గించాను. పోయినా వేదిక ఎక్కలేదు.

వానలు మొదలయ్యాక, పింఛను పని మీద అనంతపురం వచ్చిన ముసలామె మా ఆఫీసు గుమ్మంలో కనిపించింది. లేచి ఎదురుపోయాను.

“అవ్వా, పిల్ల ఎట్లుండాది?”

ఆమె చుట్టూ చూసింది. మా గుమాస్తా చెవులు రిక్కించాడు. ఆమె గొంతు పెంచింది.

“ఏం చెప్పల్లప్పా దాని సంగతి. నల్లగా, పీనుగ మాదిరి ఉండాది. ముక్కు చీమిడి. ఎంటికలు ముండ్లపంది మాదిరి మొలిచినాయి. తిండిపోతుది, వాళ్లమ్మ కూడు కూడా తింటాది. దాని మొగం చూస్తే కుక్కలు గూడా మొరగవు.”

గుమాస్తా నోరు తెరిచి చూస్తున్నాడు. ఆ తిట్లు అయిపోయేదాకా నిలబడి విన్నాను. అయిపోయాక, ఇంకా ఏమైనా ఉన్నాయా అవ్వా అని అడిగాను.